నాలుగో గది మేకులు

నాలుగో గదిలో పియానో మళ్లీ దిగిపోయింది.

సోమవారం పొద్దున్నే హర్షిణి టీచరు ఆ మాట మోసుకొచ్చేసరికి పియానోలు శ్రుతి చేసే నెల్సన్ ఇంకా టీ కూడా పూర్తి చెయ్యలేదు. ఏలూరులో ఆ సంగీత పాఠశాల వసారా మెట్ల మీద నిలబడి తాగడం అతనికి చాలా ఏళ్ల అలవాటు. హర్షిణి గొంతెత్తి మాట్లాడే పిల్ల కాదు. చేతిలో పుస్తకం చివర్లు మడుస్తూ నిలబడింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండేం. గురువారమే కదండీ మీరు చూసింది. నడిమి మెట్లు మళ్లీ అపస్వరం పలుకుతున్నాయండి. వచ్చే వారం బుధవారమే పిల్లలకి పరీక్షలు. మద్రాసు నించి పరీక్ష చేసే ఆయన వస్తారు."

"గురువారం నేను చేసి వెళ్లినప్పుడు బాగానే ఉందండీ," అన్నాడు నెల్సన్.

"ఉందండి. అదే నాకూ అర్థం కావడం లేదు."

ఇది మూడోసారి. ఒకసారి దిగితే ఎండ అనుకున్నాడు. రెండోసారి దిగితే తీగ పాతబడింది అనుకున్నాడు. మూడోసారికి మనిషన్నవాడికి ఇంకో ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

పియానో అంటే పైకి చూడ్డానికి బట్టల బీరువాకి పళ్లు, అంటే వేళ్లతో నొక్కే మెట్లు, పెట్టినట్టే ఉంటుంది గానీ, మూత ఎత్తి చూస్తే లోపల రెండువందల పైచిలుకు ఉక్కు తీగలు. ప్రతి తీగకీ పైన ఒక మేకు. ఆ మేకుని వెంట్రుకవాసి తిప్పితే స్వరం ఎక్కుతుంది, వెంట్రుకవాసి వదిలితే దిగుతుంది. మేకులు దిగ్గొట్టిన చెక్క గట్టిది. మేకు తనంతట తాను తిరగదు. మరి తిరగనిది తిరిగిందంటే తిప్పినవాళ్లెవరో ఉండాలి కదా. నెల్సన్ లెక్క అది.

అతను లోపలికి వెళుతూ ఆఫీసు గదిలో గోడకున్న తెల్లబోర్డు వైపు చూశాడు. ఆ రోజు అతని పేరు కింద ఆరు పియానోలు రాసి ఉన్నాయి. గుమాస్తా సత్తిబాబు చేతిలో నీలం పెన్నుతో అటే నిలబడి ఉన్నాడు.

"నెల్సన్ గారూ, వచ్చారా. ఇంకొక్కటే కలుపుతానండి. వంటగది వెనక హాల్లో మైకు గీ పెడతందంట."

"ఆయ్, చూసేద్దాంలెండి."

"నాలుగో గది కూడానండి. హర్షిణి మేడం చెప్పారు."

"అదీ చూసేద్దాం."

ఆ బడికి ఏలూరులో పద్దెనిమిది పియానోలు, తాడేపల్లిగూడెం బ్రాంచిలో ఏడు. చూసే చెయ్యి ఒక్కటే. కీబోర్డు వైరు ఊడినా నెల్సనే, చుట్టుపక్కల చర్చిల హార్మోనియం గాలి తప్పినా నెల్సనే, బడికి విరాళం ఇచ్చిన పెద్దల ఇళ్లలో పిల్లల పియానో మూలిగినా నెల్సనే. చూసేద్దాం అన్న మాట అతని నోట్లోంచి వచ్చినంత సులువుగా కాదు అన్న మాట ఎప్పుడూ రాలేదు. పెద్దవాళ్లు అడిగితే కాదనడం మర్యాద కాదని పెంటపాడులో వాళ్లమ్మ పాలతోపాటు పట్టిన గుణం అది.

నాలుగో గదిలో మూత ఎత్తి, ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నడిమి మెట్టు నొక్కాడు. దిగింది, అనుమానం లేదు. దాని పక్కదీ దిగింది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. ఎవరో తోచినట్టు తిప్పి పెట్టినట్టే ఉంది.

కింది పలక ఊడదీసి లోపల చూద్దామని వంగాడు. పెడళ్ల వెనకాల మూలన చిన్న గుడ్డ మూట కనిపించింది. పాత చీర పేలిక, దారంతో గట్టిగా కట్టి ఉంది. విప్పితే ఎండిన వేపాకు, రెండు వస కొమ్ములు. నెల్సన్ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ పలక ఊడదీసే పని ఈ బళ్లో తనది తప్ప ఇంకెవరిదీ కాదు. తను పెట్టని మూట లోపలుందంటే ఎవరో ఈ పియానో విప్పారన్నమాటే. ఆ చీర పేలిక ఆకుపచ్చ మీద పసుపు చుక్కలది. ఆ చుక్కల చీర అతను చూసినదే.

మూట సంచిలో పడేసుకున్నాడు. ఆ రోజు బోర్డు మీదున్న ఆరు పియానోలూ గబగబా ముగించి ప్రిన్సిపాల్ క్యాథరిన్ గది తలుపు తట్టాడు.

క్యాథరిన్ మేడం వచ్చి రెండేళ్లే అయింది. ఎవరేం చెప్పినా నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆ రాసుకోవడం చూస్తే చెప్పేవాడికి తను చెప్పింది ఒకటికి పదింతలు బరువైనట్టు అనిపిస్తుంది.

"ఎవరో చేస్తున్నారు అంటారు," అంది ఆవిడ.

"ఆయ్. పలక విప్పిన జాడ కూడా ఉందండి."

"గదుల తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

ఆ చుక్కల చీర కట్టే మనిషి దగ్గరేనని నెల్సన్‌కి తెలుసు. గుమ్మం దగ్గర ఫైలు పట్టుకు నిలబడ్డ సత్తిబాబే అందుకున్నాడు. "వరమ్మ దగ్గరేనండి. ఊడ్చేదీ తాళాలేసేదీ ఆవిడే కదండీ. వాళ్లక్క కొడుకు మనోజ్ కీబోర్డుల షాపులో చేస్తాడండి. పోయిన నెల బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, పియానోలు పీకేసి ఇవి పెట్టించుకోండి అని నా ప్రాణం తీశాడు."

కూడిక అంతా బల్ల మీద పరిచినట్టే ఉంది. పియానోలు పాడైతే ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు.

"వరమ్మ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది," అంది క్యాథరిన్. "మీ మాట మీద ఒక మనిషిని పంపించడమంటే చిన్న సంగతి కాదు నెల్సన్ గారూ. శనివారం మధ్యాహ్నం లోపు కాగితం మీద రాసివ్వండి. రాసిస్తే సోమవారం నుంచి ఆవిడ రానక్కర్లేదు."

"అలాగేనండి," అన్నాడు నెల్సన్. ఆ మాట కూడా అంతే సులువుగా వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం నాలుగో గది తలుపు వేసి ఉంది. లోపల్నించి ఒక్కో స్వరం, ఆగి ఆగి, పైనించి కిందికి వినిపిస్తోంది. నెల్సన్ చెప్పులు విడిచి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి తలుపు తోశాడు. వరమ్మ తడిగుడ్డ పట్టుకుని పియానో ముందు నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, బక్కపలచన. మెడలో తాళాల గుత్తి తాడుకి వేలాడుతోంది.

"ఏం చేస్తున్నావక్కా, తలుపేసుకుని?"

"మెట్లు తుడుస్తన్నాను తమ్ముడూ. తుడిస్తే పలకవా మరి? తలుపెయ్యకపోతే పక్క గదిలో పాఠం చెడుద్దని టీచర్లు కసురుకుంటారు."

జవాబు సరిగానే ఉంది. మరీ సరిగా ఉంది అనుకున్నాడు నెల్సన్. అనుమానం పట్టిన మనిషికి తడబడినా తప్పే, తడబడకపోయినా తప్పే.

"లోపలేమన్నా ముట్టుకున్నావా?"

"నాకేం తెలుసు లోపలి సంగతి," అని ఆవిడ గుడ్డ పిండుకుని బకెట్టు ఎత్తుకుంది. కళ్లు కలపలేదనిపించింది అతనికి. నిజానికి ఆవిడ బకెట్టు ఒలకకుండా చూసుకుంటోంది.

ఆవిడ వెళ్లాక నెల్సన్ తలుపు గడియ పెట్టాడు. ముప్పావుగంటలో నడిమి స్వరాలన్నీ పైకి లాగి సరిచేశాడు. ఆ తర్వాత క్లాసురూములోంచి తెచ్చిన సుద్దముక్క రాతికి అరగదీసి మొన చేసుకుని, నడిమి మేకుల్లో ప్రతిదాని తల మీంచీ పక్కనున్న ఇనుప పలక మీదికి సన్నటి గీత గీశాడు. మేకు ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. దొంగ దొరక్క చస్తాడా అనుకున్నాడు. ఆ గీతలు గీసినంత ఓపికగా ఆ నెలలో ఇంకే పనీ చెయ్యలేదు అతను.

బుధవారం తాడేపల్లిగూడెం బ్రాంచి. బోర్డు మీద ఐదు, వెళ్లాక ఆరు అయ్యాయి. అక్కడా రెండు పియానోలు దిగే ఉన్నాయి. పోయిన వారం చేసినవే. అక్కడి వాచ్‌మన్ తనని చూసి నవ్వితే ఎందుకు నవ్వాడా అని తిరుగు రైల్లో ఏలూరు వచ్చేదాకా ఆలోచించాడు. గూడెంలో కూడా వరమ్మకి చుట్టాలున్నారేమో కనుక్కోవాలి అనుకున్నాడు.

గురువారం కొల్లేరు వైపు పంపించాడు సత్తిబాబు. బడికి కొత్త హాలు కట్టించిన వెంకట్రాజు గారి ఇల్లు, లంక గ్రామంలో. కారు పంపారు. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్లలో చక్రాలు తిరుగుతూ నురగ కక్కుతున్నాయి. వాన వెలిసి గాలంతా చేప వాసన.

రాజుగారు ఊళ్లో లేరు. వాళ్లమ్మ అచ్చమ్మ గారు వాకిట్లో కుర్చీ వేసుకు కూర్చుని ఉన్నారు.

"రా బాబూ. మళ్లీ పాడైపోయింది మీ పెట్టె. పోయిన నెలే కదా నువ్వొచ్చి చేసింది."

"పిల్లలెవరన్నా పైమూత తీసి ఆడారేమోనండి?"

"ఎవరాడతారు? ఇంట్లో ఉన్నదే ఒక్క పిల్ల. అది వాయించినంతసేపూ నేను పక్కన కూర్చుంటాను, వాయించడం అవగానే తాళం. తాళం ఇదుగో," అని బొడ్లో దోపిన తాళంచెవి చూపించారావిడ. "మా కోడల్ని కూడా ముట్టుకోనివ్వను. లక్షలు పోసి కొన్నారు."

నెల్సన్ మూత ఎత్తి విన్నాడు. దిగింది. నాలుగో గదిది దిగినట్టే, కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ.

ఇక్కడికి వరమ్మ ఎలా వస్తుంది?

కొల్లేటి తడి అనుకుందామా అంటే అదీ కుదరదు. తడికి చెక్క ఉబ్బి స్వరం పైకి పోతుంది గానీ కిందికి రాదు. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. మేకులు తిప్పే లివరు తగిలించి అలాగే నిలబడిపోయాడు. అంతలో ఫోను మోగింది. సత్తిబాబు. "నెల్సన్ గారూ, వచ్చేదారే కదండీ, కైకలూరు చర్చిలో హార్మోనియం ఒక్కసారి చూసొచ్చెయ్యండి. ఫాదర్ గారు రెండుసార్లు చేశారు."

"ఆయ్, చూసొచ్చేస్తానండి," అని లివరు తిప్పడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టిన రెండో మేకు దగ్గరే తన చెయ్యి ఎంత తొందరగా వెళుతోందో తనకే కనిపించింది. అచ్చమ్మ గారు కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు అన్నారు. అతను వినిపించుకోలేదు.

శుక్రవారం పొద్దున్న బడికి అందరికంటే ముందొచ్చి నాలుగో గదిలోకి వెళ్లాడు. కిటికీ తెరిచి, మూత ఎత్తి, వెలుగు పడేలా పక్కకి వంగి చూశాడు. గీతలు. ఒకటి, రెండు, పది, ఇరవై. జుట్టులో పాపిడి తీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఒక్క గీత విరగలేదు. ఒక్క మేకు తిరగలేదు.

నడిమి మెట్టు నొక్కాడు. దిగింది.

మళ్లీ నొక్కాడు. చెవి తప్పేమోనని ఫోర్కు కొట్టి చూశాడు. దిగింది.

అతను బల్ల మీద కూలబడ్డాడు. మేకు కదలకుండా స్వరం ఎలా దిగుతుందో ఆ పని చేసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. తీగ పైన ఒక వంపు మీంచి వస్తుంది. మేకు తిప్పినప్పుడు వంపుకి పైనున్న పిసరే ముందు బిగుస్తుంది, కింది పొడుగంతా వెనకబడుతుంది. అందుకే తిప్పాక మెట్టుని గట్టిగా, అదిరేట్టు, మళ్లీ మళ్లీ కొట్టాలి. కొట్టి, బిగువు రెండు వైపులా సర్దుకున్నాక, మేకుని కూర్చోబెట్టాలి. రెండు మూడు రోజులయ్యాక ఇంకోసారి వచ్చి చూడాలి. నులక మంచం అల్లినవాడు ఒక్కసారి లాగి ముడేసి పోతే ఏమవుతుంది? వారానికి కుక్కిమంచమే.

తను ఎప్పట్నించి కొట్టడం మానేశాడు? బోర్డు మీద మూడు ఉన్నప్పుడు కొట్టేవాడు. నాలుగున్నప్పుడూ కొట్టాడు. ఐదు అయినప్పుడో, ఆరు అయినప్పుడో, మెల్లిగా నొక్కి, సరిపోయింది అనిపించగానే పక్క మేకుకి వెళ్లిపోవడం అలవాటైంది. అది అలవాటైందన్న సంగతి మాత్రం తెలియలేదు.

చీపురు పట్టుకుని వరమ్మ వచ్చింది. "ఏంటి తమ్ముడూ, ఇంత పెందలాడే. ఇందులో నేను పెట్టిన మూట ఎవరో తీసేశారు, నువ్వు చూశావా?"

నెల్సన్ తల తిప్పి చూశాడు. "నువ్వే పెట్టావా?"

"ఎలకలు తమ్ముడూ. కింద ఫెల్టు కొరికి పోగులు పెడతన్నాయి. మా ఇంట్లో ధాన్యం కుండల్లో కూడా అదే పెడతాం. చెప్పి పెడదామంటే నువ్వు నిలబడితే కదా. మేకు మేకుకీ పరిగెడతావు." ఆవిడ చీపురు నేలకి తాటించి ఈనెలు సర్దుకుంది. "పూర్వం నువ్వు మెట్టు కొడితే వంటగదిలో గ్లాసులు అదిరేయి. అబ్బ, ఈ మనిషి చెవులు బద్దలు చేస్తాడు అనుకునేదాన్ని. ఇప్పుడు లోపలున్నావో లేదో కూడా తెలీదు."

"లోపలి సంగతి నాకేం తెలుసన్నావు కదా మొన్న."

"పలక తీశానంటే తిడతావని అన్లేదు. పద్దెనిమిది మేకుల పలక కాదు కదా అది, రెండు క్లిప్పులు. అయినా నీ వస్తువే కదా."

ఆవిడ పక్క గదికి వెళ్లింది. నెల్సన్ సుద్దగీతల వైపు చూస్తూ కూర్చున్నాడు. తడిగుడ్డ అక్కడే ఉంది. ఒక్కసారి తుడిస్తే గీతలుండవు. రేపు కాగితం రాసిస్తే అడిగేవాళ్లు లేరు. పరీక్ష రోజు పొద్దున్నే ఒకసారి సరిచేస్తే ఆ పూటకి నిలుస్తుంది. పాతికేళ్ల చెయ్యి తప్పిందని ఎవరికీ తెలియదు. ఒక గీత మీద బొటనవేలు పెట్టి తుడిచాడు. తెల్లగా వేలికి అంటింది. ఆ వేలిని చాలాసేపు చూసుకుని ప్యాంటుకి రాసుకున్నాడు. రెండో గీత జోలికి పోలేదు.

శనివారం పదకొండింటికి క్యాథరిన్ మేడం బల్ల మీద వరమ్మ పేరున టైపు చేసిన ఉత్తరం సంతకం కోసం సిద్ధంగా ఉంది. సత్తిబాబు పక్కనే ఉన్నాడు.

"కాగితం తెచ్చారా?"

"లేదండి. ఎవరూ చెయ్యలేదండి అది. నేనే."

క్యాథరిన్ పెన్ను మూత పెట్టింది. "మీరే అంటే?"

చెప్పాడు. మేకులు, గీతలు, కొట్టకపోవడం, కొల్లేటి ఇంట్లో పియానో, అన్నీ. అంత పొడుగ్గా అతను ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. వేపాకు మూట తీసి బల్ల మీద పెట్టి, ఇది ఎలకలకండి, అన్నాడు.

"సోమవారం ఒక మాట, శనివారం ఒక మాట," అంది ఆవిడ. "ఇందులో ఏది నమ్మమంటారు?"

"వచ్చి గీతలు చూడండి."

వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని మూత లోపలికి వంగి చూసింది. తుడిచిన చోట వేలు పెట్టి, "ఇదేంటి?" అంది.

"అది నేను తుడిచానండి నిన్న. అన్నీ తుడిచేద్దామనుకున్నాను."

ఆవిడ కళ్లజోడు తీసి అతని ముఖం కేసి చూసింది. "పని తగ్గించమని అడగడానికి కల్పించిన కథ కాదు కదా ఇది?"

"కథ కాదండి. కానీ తగ్గించమనే అడుగుతున్నాను. రోజుకి రెండే చెయ్యగలను. మూడోది చేసినట్టు ఉంటుంది, చేసినట్టు కాదు."

"రెండంటే ఎలాగండీ," అన్నాడు సత్తిబాబు. "గూడెం ఉంది, రాజుగారిల్లు, చర్చిలు..."

"గూడెం మన బడేనండి, చేస్తాను. అదీ ఆ రెండింట్లోదే. ఇళ్లూ చర్చిలూ బడి పని కాదు. మైకు నా పని కాదు." పియానో మూత అంచు పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను చూసేద్దాం అన్నాను కాబట్టి మీరు రాశారు. తప్పు మీదొక్కరిదే అనను."

క్యాథరిన్ నోటుపుస్తకం తెరిచింది. "పరీక్షలు బుధవారం."

"పరీక్ష గదులు మూడేనండి. ఇవాళ ఇది, సోమవారం తక్కిన రెండూ. మంగళవారం మూడూ మళ్లీ చూస్తాను. నిలుస్తాయి."

"నిలవకపోతే?"

"అప్పుడు నా మీద రాయండి ఉత్తరం."

ఆవిడ నవ్వలేదు, ఓదార్చలేదు. "బుధవారం దాకా బోర్డు మీద రెండే ఉంటాయి. తర్వాత సంగతి బుధవారం పిల్లలు వాయించాక మాట్లాడదాం," అని రాసుకుంది. ఆఫీసుకి వెళుతూ సత్తిబాబుతో, "ఆ ఉత్తరం చించేసి వరమ్మకి కొత్త కాంట్రాక్టు కాగితం తియ్యండి," అంది. నమ్మిందో లేదో ఆ నడకలో ఏమీ తెలియలేదు.

నెల్సన్ లివరు తీసుకుని మొదటి మేకుకి తగిలించేసరికి గుమ్మంలో వరమ్మ ఉంది. సత్తిబాబు నోరు ఆగేది కాదు. వసారాలోనే చెప్పేసి ఉంటాడు. ఆవిడ ముఖం బిగుసుకుని ఉంది.

"నా మీద చెప్పారంటగా, నెల్సన్ గారూ."

"చెప్పానక్కా."

"ఎలకల మందు పెట్టిన పాపానికా?"

"సోమవారం నీ మీద చెప్పాను. ఇవాళ నా మీద చెప్పుకున్నాను."

ఆవిడ మెడలో తాళాల గుత్తి సర్దుకుంది. క్షమించానని అనలేదు, అతనూ అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

కాసేపటికి, "ఈ గది ఎన్నింటికి తాళం వెయ్యమంటారు?" అంది.

"మూడవుతుంది."

"మూడింటిదాకా దీనికొక్కదానికేనా?"

"దీనికొక్కదానికే."

నెల్సన్ మేకు తిప్పి మెట్టు మీద వేలితో కొట్టాడు. గట్టిగా. ఇంకోసారి, ఇంకా గట్టిగా. కిటికీ అద్దం జిల్లుమంది. వరమ్మ తలుపు బయటనించి దగ్గరగా వేసింది. వసారాలో స్టూలు ఈడ్చిన చప్పుడు, దాని మీద ఆవిడ కూర్చున్న చప్పుడు వినిపించాయి.

పది మేకులయ్యేసరికి సత్తిబాబు చెప్పులు టపటపలాడుతూ వచ్చాయి. "వరమ్మా, నెల్సన్ గారు లోపలున్నారా? రాజుగారు ఫోన్లో ఉన్నారు, ఒక్క నిమిషం..."

"ఉన్నారండి. లోపల పనవుతంది," అంది వరమ్మ. "మూడు దాటాక రండి."